పాత కెమెరాకు కొత్త రీలు: బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఎంపిక

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము అంటే పలచటి ప్లాస్టిక్ పట్టీ మీద జెలటిన్‌లో కలిపి పూసిన వెండి లవణాల పొర. వెలుతురు తగిలిన చోట ఆ లవణాలు డెవలపర్‌లో నల్లటి వెండిగా మారతాయి. తగలని చోటివి హైపో అనే ఫిక్సర్‌లో కరిగిపోతాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రోల్ ఫిల్ము పుట్టినప్పటి నుంచీ ఈ సూత్రం ఇదే. వెండి రేణువుల ఆకారం మారింది, అవి ఏ రంగును ఎలా పట్టుకుంటాయో మారింది, తయారుచేసే కంపెనీలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతగా మిగిలాయి.

డిజిటల్ కెమెరాలూ, వాటి వెనకే ఫోన్లూ వచ్చాక అటకెక్కిన కెమెరాలను ఈమధ్య చాలామంది కిందికి దించుతున్నారు. నాన్నగారి యాషికా, కాలేజీలో ఉండగా కొన్న నికాన్ ఎఫ్ఎం10, పెళ్ళిలో ఎవరో చదివించిన ఆగ్ఫా క్లిక్ త్రీ. దుమ్ము తుడిచి, షట్టర్ నొక్కి, అది టక్కుమనగానే అడిగే ప్రశ్న ఒకటే: ఏ ఫిల్ము మంచిది? జవాబు ఫిల్ము డబ్బా మీద దొరకదు. చేతిలో ఉన్న కెమెరా ఏ స్థితిలో ఉందో, రీలు ఎవరు ఎక్కడ కడుగుతారో తేలిన తర్వాతే కంపెనీ పేరుకు పని. ఈ వ్యాసం కూడా ఆ వరుసలోనే నడుస్తుంది.

కొలత

ముందు కెమెరా ఏ సైజు రీలు తింటుందో చూడాలి. 1901లో కోడక్ తెచ్చిన 120 రీలు, 1934లో రెటీనా కెమెరాతో పాటు వచ్చిన 35 మిల్లీమీటర్ల క్యాసెట్ ఈ రెండూ ఇప్పటికీ ధారాళంగా దొరుకుతున్నాయి. 120 రీలులో యాషికా మ్యాట్, రోలీఫ్లెక్స్, క్లిక్ త్రీ వంటి చదరపు ఫ్రేము కెమెరాల్లో 12 ఫోటోలు వస్తాయి. 6×9 ఫోల్డింగ్ కెమెరాల్లో 8 మాత్రమే. 1930ల మొదట్లో వచ్చిన 620 రీలు నిజానికి 120 ఫిల్మే. ఇరుసు సన్నగా ఉంటుందంతే. పాత 620 స్పూలు ఒకటి చేతిలో ఉంటే చీకట్లో 120 ఫిల్మును దాని మీదికి చుట్టుకోవచ్చు. 126 ఇన్‌స్టామాటిక్ క్యాట్రిడ్జ్‌ను పెద్ద కంపెనీలేవీ తయారుచేయడం లేదు. ఆ కెమెరా అద్దాల బీరువాలో అందంగా ఉంటుంది.

కెమెరా ఆరోగ్యం

ఫిల్ము వేగం, రకం తేల్చేది ఎక్కువగా ఈ దశలోనే. పాత కెమెరాల్లో వెనక తలుపు అంచుల వెంట అంటించిన నల్లటి స్పాంజి పట్టీలు పాతికేళ్ళకు జిగురుగా కరిగిపోతాయి. వేలితో తాకితే తారు అంటుకున్నట్టు అంటుతుంది. అలాంటి కెమెరాలో ఎంత వేగం ఫిల్ము వేస్తే సందుల్లోంచి దూరే వెలుతురు అంత గట్టిగా మచ్చలు వేస్తుంది. ఫోల్డింగ్ కెమెరా బెలోస్‌ను రాత్రిపూట గదిలో లైటు తీసేసి, లోపల టార్చి వెలిగించి చూడాలి. మడత మూలల్లో చుక్కలు మెరిస్తే ఆ కెమెరాకు ముందు మరమ్మతు, తర్వాతే ఫిల్ము.

120 కెమెరాల వెనక ఉండే ఎర్ర కిటికీ గురించి ఒక మాట. ఫ్రేము నంబరు చూసుకోవడానికి పెట్టిన ఆ ఎర్రటి గాజు, ఎరుపు వెలుతురు సోకని ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముల కాలం నాటిది. ఇప్పటి ఫిల్ములు ఎరుపును కూడా పట్టుకుంటాయి. వెనక కాగితం కొంత కాపాడుతుంది కానీ, ఎండలో తిప్పేటప్పుడు కిటికీ మీద నల్ల టేపు ముక్క వేసుకుని, నంబరు చూసేటప్పుడు మాత్రం నీడకు వెళ్ళి తియ్యడం మేలు.

మీటరు రెండో సమస్య. యాషికా మ్యాట్ 124జి, మినోల్టా ఎస్‌ఆర్‌టీ 101, కెనోనెట్ క్యూఎల్17 లాంటివి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీని నమ్ముకున్న కెమెరాలు. పాదరసం మీద ఆంక్షలు వచ్చి ఆ బ్యాటరీ మార్కెట్లోంచి పోయింది. అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటరు ఉన్న వెలుతురు కంటే ఎక్కువ చూపిస్తుంది, నెగెటివ్ పలచబడుతుంది. చెవి మిషన్‌కు వాడే 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులిస్తుంది. చుట్టూ చిన్న రింగు పెట్టి బిగిస్తే పని జరిగిపోతుంది. స్టిక్కరు పీకిన దగ్గర్నుంచీ దాని ఆయుష్షు తరగడం మొదలవుతుంది, వాడినా వాడకపోయినా. ఒలింపస్ ట్రిప్ 35, జెనిట్-ఇ వంటి సెలీనియం మీటర్లకు బ్యాటరీ గొడవ లేదు కానీ చాలావాటికి చూపు మందగించి ఉంటుంది. ఫోన్లో ఏదో ఒక లైట్ మీటర్ యాప్ పెట్టుకుని పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక షట్టర్. లోపలి నూనె ఎండిపోయి సెకనులో 15వ వంతు, 8వ వంతు వంటి నిదానం వేగాలు ఈడుస్తుంటాయి. 500వ వంతు అని రాసి ఉన్నది అసలుకు 300వ వంతు దగ్గర పలుకుతుంది. అంటే పాత కెమెరా తప్పు సాధారణంగా ఎక్కువ వెలుతురు ఇచ్చే వైపే ఉంటుంది. నెగెటివ్ ఫిల్ము తట్టుకునేది కూడా ఆ వైపే. ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు), రెండు స్టాపులు ఎక్కువైనా ప్రింటు వస్తుంది. రెండు స్టాపులు తక్కువైతే నీడల్లోని వివరం పోయినట్టే, ఏ డెవలపరూ దాన్ని వెనక్కి తేలేదు. ఇలాంటి కెమెరాతో మొదలుపెట్టేవారికి తప్పును భరించే ఫిల్ము కావాలి. అన్నిటికంటే సన్నటి గ్రెయిన్ (వెండి రేణువుల గరుకు) ఉన్న ఫిల్ము తర్వాత చూసుకోవచ్చు.

వేగం, మన ఎండ

ఫిల్ము వేగాన్ని ఐఎస్ఓ అంకె చెబుతుంది. పాత కెమెరాల మీద ఉండే ఏఎస్ఏ అంకె కూడా అదే. 1987కి ముందటి సోవియట్ జెనిట్‌ల మీద గోస్ట్ అంకెలుంటాయి. 90 అంటే దాదాపు 100, 180 అంటే 200 అనుకుంటే చాలు. ఒక తిరకాసు మాత్రం ఉంది. 1960లో ఏఎస్ఏ ప్రమాణాన్ని సవరించి, అంతకుముందు జాగ్రత్త కోసం కలిపిన అదనపు ఎక్స్‌పోజర్‌ను తీసేశారు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముల అంకెలన్నీ రెట్టింపయ్యాయి. 1954లో 35 మిల్లీమీటర్లలో వచ్చినప్పుడు 200గా ఉన్న కోడక్ ట్రై-ఎక్స్ ఆ తర్వాత 400 అయింది, ఫిల్ము అదే. అందుకే యాభైల నాటి కెమెరాల వీపు మీద అంటించిన ఎక్స్‌పోజర్ పట్టికలను ఇప్పటి అంకెలతో కలిపి చదవకూడదు.

మీటరు లేకపోయినా పనికొచ్చే లెక్క ఒకటుంది. నిండు ఎండలో అపర్చర్ 16 దగ్గర పెట్టి, షట్టర్‌ను ఫిల్ము ఐఎస్ఓకు దగ్గరి అంకెకు తిప్పాలి. 100 ఫిల్ముకు సెకనులో 125వ వంతు, 400 ఫిల్ముకు 500వ వంతు. రెంటచింతల ఎండలో 400 ఫిల్ము వేసిన యాషికా మ్యాట్‌తో అపర్చర్ 4 దగ్గర తెరిచి వెనక దృశ్యాన్ని మసకబార్చాలంటే కుదరదు. దాని షట్టర్ 500వ వంతు దగ్గరే ఆగిపోతుంది. పగటి బయటి పనికి 100 లేదా 125 ఫిల్ము హాయి. ఇంట్లో, గుళ్ళో, సాయంత్రం సంతలో 400 లేకపోతే చేతులు కట్టేసినట్టే. క్లిక్ త్రీ లాంటి ఒకే షట్టర్ వేగం ఉన్న కెమెరాలు వాటి కాలపు నిదానం ఫిల్ముల కోసం చేసినవి. వాటిలో 400 వేస్తే నెగెటివ్ నల్లగా మందమవుతుంది, 100 చాలు.

మన ఎండకు ఇంకో గుణం ఉంది. నడినెత్తిన సూర్యుడుంటే కనుబొమల కింద, తలపాగా అంచు కింద నీడలు నల్లబారతాయి. వాటిలో వివరం నిలవాలంటే 400 ఫిల్మును 200గా లెక్కగట్టి తీసి, కడిగే సమయాన్ని ఐదో వంతు దాకా తగ్గించాలి. నీడలు నిండుతాయి, తెల్ల పంచె కూడా మడతలతో సహా మిగులుతుంది.

రంగులు బూడిదలోకి దిగే తీరు

తొలినాటి ప్లేట్లు నీలాన్ని తప్ప మరో రంగును సరిగా పట్టుకునేవి కావు. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలపు హైదరాబాద్ ఫోటోల్లో ఆకాశం తరచూ బోసిగా తెల్లగా ఉండటానికి కారణం అదే. తర్వాత వచ్చిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఆకుపచ్చను కూడా చూసింది, ఎరుపును చూడలేదు. పాంక్రోమాటిక్ ఫిల్ము అన్నిటినీ చూస్తుంది. ఇప్పుడు దుకాణంలో దొరికేవి దాదాపు అన్నీ ఈ మూడో రకమే. 2019 నుంచి ఇల్‌ఫర్డ్ ఆర్థో ప్లస్ మాత్రం 35 మిల్లీమీటర్లలోనూ, 120లోనూ దొరుకుతోంది.

పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడపను మూడు రకాలుగా తీస్తే తేడా కళ్ళకు కడుతుంది. ఆర్థో ఫిల్ము మీద కుంకుమ కాటుకంత నల్లగా పడుతుంది, పసుపు నడిమి బూడిదలోకి దిగుతుంది. పాంక్రోమాటిక్‌లో పసుపు బాగా తెల్లబడి, దాని మీద బొట్లు బూడిద రంగులో తేలతాయి. అదే ఫిల్ముకు లెన్సు ముందు ఎర్ర ఫిల్టర్ తగిలిస్తే రెండూ తెల్లబడి, బొట్లు దాదాపు మాయమవుతాయి. మబ్బుల కోసం ఎర్ర ఫిల్టర్ పెట్టి, దాన్ని తియ్యకుండానే అమ్మమ్మ ఫోటో తీస్తే ఆమె నుదుటి బొట్టు గతి కూడా అంతే. మనుషులకు పసుపు ఫిల్టర్, మరీ కావాలంటే నారింజ. చామనచాయ చర్మం ఈ రెంటితోనూ కాంతిగా వస్తుంది, ఆకాశమూ కొంత నిలుస్తుంది.

ఫిల్టర్ వెలుతురును తినేస్తుంది. పసుపు ఒక స్టాప్, నారింజ రెండు, ముదురు ఎరుపు మూడు. ఎర్ర ఫిల్టర్ పెట్టిన 400 ఫిల్ము చేతిలో 50 ఫిల్మే. ఫిల్టర్లతో ఆడుకోవాలనుకునేవారు 400 కొనడానికి ఇదొక కారణం.

దొరికే ఫిల్ములు

ఒకప్పుడు మనకూ సొంత ఫిల్ము ఉండేది. ఊటీలో ప్రభుత్వరంగ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో చేసిన రీళ్ళు, తూర్పు జర్మనీ నుంచి వచ్చిన ఓర్వో రీళ్ళు పాత స్టూడియోల నెగెటివ్ కవర్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఊటీ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు దొరికేదంతా దిగుమతి సరుకే, ధర కూడా దానికి తగ్గట్టే.

తిరిగి మొదలుపెట్టేవారికి ఒకే ఒక్క పేరు చెప్పమంటే ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్. 1879లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ హార్మన్ మొదలుపెట్టిన ఈ కంపెనీ 2004లో దివాలా అంచుకు వెళ్ళింది. అందులోని మేనేజర్లే కొనుక్కుని హార్మన్ టెక్నాలజీ అని పేరు పెట్టారు. ఇప్పటికీ అది చెషైర్‌లోని మాబర్లీలోనే నడుస్తోంది. 1930లలో మొదలైన హెచ్‌పీ వరుసలో ప్లస్ రూపం 1989 నాటిది. ఐఎస్ఓ 400. 200గా తీసినా, డెవలపింగ్ సమయం పెంచి 1600గా తీసినా మాట వింటుంది. మెత్తటి బూడిద మెట్లు దీని సొత్తు. కొందరికి అది చప్పగా అనిపిస్తుంది. పూత లేని పాత లెన్సుల్లో అసలే కాంట్రాస్ట్ తక్కువ కనుక వాటికి ఈ ఫిల్మును ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ కడగడం అవసరమవుతుంది. కోడక్ ట్రై-ఎక్స్ దీనికి జోడీ. కొంచెం గరుకు, కొంచెం బిగువు. పాత పత్రికా ఫోటోల రూపు చాలావరకు దీనిదే. ధరలో తేడా ఉన్నప్పుడు హెచ్‌పీ5 వదిలి దీని వెంట పడాల్సిన పని లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పగటి పనికి ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్, ఐఎస్ఓ 125. హెచ్‌పీ5 ఎంత ఓర్పు గలదో ఇదీ అంతే, గ్రెయిన్ ఇంకా సన్నం. ఖర్చు తగ్గించుకోవాలంటే హార్మన్ వారే చేసే కెంట్‌మియర్ 100, 400 ఉన్నాయి. పాడైనా బాధ లేకుండా కెమెరాను పరీక్షించడానికి వీటిని మించినవి లేవు.

చెక్ దేశంలో 1921 నుంచి ఉన్న ఫోమా కంపెనీ ఫోమాపాన్ 100, 200, 400 రీళ్ళూ చవకే. వాటికి వాటి పట్టుదల ఉంది. 400 అని రాసిన డబ్బాను 200 లేదా 250గా తీస్తేనే నీడలు నిండుతాయి. రాత్రిపూట ట్రైపాడ్ మీద పెట్టి తీసేవారికి ఫోమాపాన్ 100తో ఓపిక కావాలి. మీటరు 10 సెకన్లంటే 80 సెకన్లివ్వాలి, 100 సెకన్లంటే 1,600. మసక వెలుతురులో ఫిల్ము బద్ధకించే ఈ గుణం అన్ని ఫిల్ములకూ ఉంది కానీ ఇంతగా కాదు. దీనికి పూర్తి ఎదురు కొస ఫ్యూజీ ఆక్రోస్. రెండు నిమిషాల దాకా దీనికి దిద్దుబాటే అక్కర్లేదు. 2018లో ఆపేసి, అడిగేవారు ఎక్కువై 2019లో ఆక్రోస్ 2గా మళ్ళీ తెచ్చారు.

కోడక్ 1986లో తెచ్చిన టీ-మ్యాక్స్, ఆ తర్వాతి ఇల్‌ఫర్డ్ డెల్టా మరో జాతి. వీటిలో వెండి రేణువులు గుండ్రాళ్ళలా కాక పలకల్లా బల్లపరుపుగా పరుచుకుంటాయి. అదే వేగంలో గ్రెయిన్ సన్నబడుతుంది. బదులుగా ఎక్స్‌పోజర్‌లోనూ, డెవలపర్ వేడిలోనూ తప్పులకు జరిమానా పెద్దది. షట్టర్ సర్వీసింగ్ అయి, కడగడం చేతికి అలవాటయ్యాక వీటిని ముట్టుకోవచ్చు. హైపోలో కూడా వీటిని ఎక్కువసేపు ఉంచాలి. నెగెటివ్ గులాబీ రంగులో బయటికొస్తే తొందరపడ్డారని అర్థం. డెల్టా 3200, టీ-మ్యాక్స్ పీ3200 పేర్లలోని అంకెను చూసి మోసపోకూడదు. వాటి అసలు వేగం 1000 అటూ ఇటూ. మిగతాది డెవలపింగ్‌లో లాగినదే.

ఇల్‌ఫర్డ్ పాన్ ఎఫ్ ప్లస్, ఐఎస్ఓ 50, చాలా సన్నటి ఫిల్ము. కానీ తీసిన బొమ్మ కడగకముందే అందులో వాడిపోతుంది. మూడు నెలల్లోపు కడగమని కంపెనీయే చెబుతుంది. ఒక రీలు పూర్తి చేయడానికి ఉగాది నుంచి సంక్రాంతి దాకా పట్టేవారికి ఇది తగదు. సినిమా ఫిల్ము ఇష్టపడేవారికి 1959 నుంచి వస్తున్న కోడక్ డబుల్-ఎక్స్ ఉంది. ‘ఓపెన్‌హైమర్’ బ్లాక్ అండ్ వైట్ భాగాల కోసం కోడక్ దీన్ని 65 మిల్లీమీటర్లలో ప్రత్యేకంగా చేసి ఇచ్చింది. దీన్ని పెద్ద చుట్ట నుంచి చిన్న క్యాసెట్లలోకి ఎక్కించి అమ్ముతుంటారు. ఆ క్యాసెట్ల మీద డీఎక్స్ గళ్ళు లేకపోతే, వేగాన్ని దానంతట అదే చదువుకునే ఆటోమేటిక్ కెమెరాలు తప్పు లెక్క వేసుకుంటాయి.

కడిగే నీళ్ళు

మన దగ్గర ఉన్న ల్యాబుల్లో చాలావరకు కలర్ రీళ్ళు కడిగే సీ-41 మిషన్లే. మామూలు బ్లాక్ అండ్ వైట్ రీలును అందులో వేస్తే బ్లీచు వెండినంతా మార్చేసి, ఫిక్సర్ దాన్ని కరిగించేసి, 36 ఫ్రేములూ ఖాళీ పట్టీగా తిరిగొస్తాయి. ఇచ్చే ముందు అడగాలి. సొంతంగా కడిగే ఉద్దేశం లేనివారికి ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ ఒక్కటే నిశ్చింత. సీ-41లోనే కడిగే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఇది. దీని బొమ్మ చివరికి రంగు అద్దకంతో నిలుస్తుంది, వెండితో కాదు. అందుకే స్కానర్లలో దుమ్ము గీతలను చెరిపే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం దీనికి పనిచేస్తుంది, వెండి నెగెటివ్‌లకు పనిచేయదు.

ఇంట్లో కడిగేవారికి అసలు శత్రువు వేడి. డెవలపింగ్ పట్టికలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ మీద రాసినవి. మే నెలలో విజయవాడలో డాబా మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. హెచ్‌పీ5 ప్లస్‌ను ఐడీ-11 డెవలపర్‌లో నీళ్ళు కలపకుండా కడిగితే 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషాలు. వేడి పెరిగితే అది ఐదు నిమిషాల కిందికి జారుతుంది. అంత తక్కువ సమయంలో డెవలపర్ సమంగా పాకదు, ఆకాశం మీద చారలు పడతాయి. అదే డెవలపర్‌ను సమానంగా నీళ్ళు కలిపి వాడితే 20 డిగ్రీల వద్ద 13 నిమిషాలు, 24 వద్ద సుమారు 9. పలచన చేస్తే ఖర్చూ తగ్గుతుంది, వేడికి మన్నింపూ దొరుకుతుంది. తెల్లవారుజామున సంపులోంచి తోడిన నీళ్ళు, ఒక టబ్బులో నాలుగు ఐసు ముక్కలు ఉంటే 24కు దించడం కష్టం కాదు. డెవలపర్, హైపో, కడుగు నీళ్ళు అన్నీ ఒకే వేడిలో ఉండాలి. చల్లటి దాంట్లోంచి వేడి నీళ్ళలోకి వేస్తే జెలటిన్ మెత్తబడి చిట్లుతుంది. ఫోమా పొర ఈ విషయంలో మరీ సున్నితం. చివరి కడుగుకు బోరు నీళ్ళు వాడితే ఆరాక సున్నపు మచ్చలు మిగులుతాయి. కారు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి నాలుగైదు రీళ్ళకు సరిపోతుంది.

రీళ్ళు దాచేది ఫ్రిజ్‌లో, గాలి చొరని కవర్లో. బయటికి తీశాక గంటా రెండు గంటలు ఆగి విప్పాలి, లేదంటే ఫిల్ము మీద చెమ్మ పడుతుంది. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారు రీళ్ళను చేతి సంచిలోనే తెమ్మని చెప్పాలి. సామాన్లలో వేసే పెట్టెలకు పడే ఎక్స్‌రే బలమైనది. చేతి సంచులకూ కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు అలాంటివే. చేత్తో తనిఖీ చేయమని అడిగితే చాలాచోట్ల వింటారు.

మొదటి రీలు చూసే పద్ధతి

మొదటి రీలు కడిగి ఆరబెట్టాక బొమ్మల కంటే ముందు అంచులు చూడాలి. ఫిల్ము పేరు, ఫ్రేము నంబర్లు అంచున ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రించి ఉంటాయి. కెమెరాకు వాటితో సంబంధం లేదు, డెవలపర్ మాత్రమే వాటిని పైకి తెస్తుంది. అంచు అక్షరాలు నల్లగా దిట్టంగా ఉండి బొమ్మలు పలచగా ఉంటే లోపం మీటరుదో షట్టర్‌దో. తర్వాతి రీలును సగం వేగంగా లెక్కగట్టి తీయాలి. అక్షరాలే వెలిసిపోయి ఉంటే డెవలపర్ పాతదో, సమయం చాలలేదో, మరీ చల్లగా ఉందో. అక్షరాలు బాగుండి, బొమ్మలన్నీ ఒకే అంచు నుంచి నల్లటి పొగతో వస్తే స్పాంజి పట్టీలు మార్పించాలి. అక్షరాలు బాగుండి బొమ్మలే లేకపోతే ఫిల్ము ముందుకు నడవలేదు, స్పూలుకు పట్టకుండా క్యాసెట్‌లోనే ఉండిపోయింది. ఇవన్నీ సరిచేసుకుని అదే ఫిల్మును మరో రెండు మూడు రీళ్ళు తీశాక కూడా గ్రెయిన్ గరుకుగానో, బూడిద చప్పగానో అనిపిస్తే అప్పుడు వేరే డబ్బా కొని చూడవచ్చు.